వాళ్ళ సెలవులు ఎప్పుడు అయిపోతాయి తాతయ్యా?
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

  

మన సంఘానికి యాభై ఏళ్ళు నిండాయి. సంఘం పుట్టిన 1975లో నేను మా ఊళ్ళో రెండో తరగతి చదువుతున్నాను. ఈ హైస్కూల్లో ఆరో తరగతిలో చేరింది 1978లో. మూడు కిలోమీటర్లు డొంకదారిన నడిచి వచ్చేవాళ్ళం. వాన పడితే నల్లరేగడి కాళ్ళకు అంటుకుని, బడికి చేరేసరికి ఒక్కో కాలు రెండు కిలోల బరువయ్యేది. ఇక్కడ కూర్చున్న వాళ్ళలో సగం మందికి ఆ బరువు తెలుసు.

కార్యదర్శిగారు ఫోన్ చేసి, "ఇంజనీరుగా మీ అనుభవాలు చెప్పండి, పిల్లలకు స్ఫూర్తిగా ఉంటుంది" అన్నారు. నేను కట్టిన పునాదులు నేల కింద ఉన్నాయి, వాటి గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. అందుకని ఈ ఏడాది సంక్రాంతికి మనవడినీ మనవరాలినీ మన ఊరు తీసుకొచ్చిన పది రోజుల కథ చెబుతాను. సరదా కథే. చివర్లో మాత్రం సంఘాన్ని ఒకటి అడుగుతాను.

మా అమ్మాయి, అల్లుడు బెంగళూరులో ఉద్యోగాలు చేస్తున్నారు. పెద్దవాడికి ఏడేళ్ళు, చిన్నదానికి ఐదు. కిందటి దసరాకు మా ఇంటికి హైదరాబాదు వచ్చినప్పుడు వంటింట్లో కారం ప్యాకెట్టు చూసి పెద్దవాడు, "తాతయ్యా, కారం ఏ ఫ్యాక్టరీలో చేస్తారు?" అని అడిగాడు. మా ఆవిడ నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. మిరపకాయల ఘాటుకు తుమ్ముతూ పెరిగినవాడి మనవడు అడగాల్సిన ప్రశ్న కాదది. సంక్రాంతికి ఊరు వెళ్దామని ఆ రోజే అనేశాను.

మా ఆవిడకు భయం. దోమలు, నీళ్ళు, కుక్కలు, పురుగుమందులు. ఆ జాబితాలో ఒక్కటీ కొట్టిపారేయదగింది కాదు. ఓఆర్ఎస్ ప్యాకెట్లు, దోమతెరలు, పిల్లల డాక్టరు రాసిచ్చిన మందులు సర్దుకునే బయల్దేరాం. నార్కట్‌పల్లి దగ్గర అద్దంకి రోడ్డెక్కి, వాడపల్లి దగ్గర కృష్ణ దాటాం. "ఇక్కణ్ణుంచి మన జిల్లా" అన్నాను. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక మన చుట్టుపక్కల ఊళ్ళు కొన్ని పల్నాడులోకి, కొన్ని బాపట్లలోకి వెళ్ళాయి గానీ, నా నోటికి ఇంకా గుంటూరు, ప్రకాశమే. పిడుగురాళ్ళ దగ్గర సున్నపు బట్టీల పొగ చూపించాను. నరసరావుపేట దాటాక కోటప్పకొండ కనబడింది. ఎటు నుంచి చూసినా మూడు శిఖరాలు కనిపిస్తాయని చెబితే పెద్దవాడు చిలకలూరిపేట వచ్చేదాకా వెనక్కి తిరిగి లెక్కపెడుతూనే ఉన్నాడు.

ఊళ్ళో మా పెదనాన్నగారి అబ్బాయి, మా అన్నయ్య, ఇంకా సేద్యం చేస్తున్నాడు. మా వాటా పొలం కూడా ఆయనే చూస్తాడు. మొదటి రోజు పిల్లలకు ఏమీ తోచలేదు. సిగ్నల్ లేదని ఏడుపు. రెండో రోజు పొద్దున పెద్దవాడు గోడకున్న పగులులో వేలు పెట్టి, "ఇల్లు పడిపోతుందా?" అన్నాడు. నాకు కావలసింది దొరికింది. పెరట్లోంచి ఒక నల్లమట్టి బెడ్డ తెచ్చి గిన్నెలో వేసి నీళ్ళు పోశాను. సాయంత్రానికి అది ఉబ్బి గిన్నెలో మెత్తగా పరుచుకుంది. మూడు రోజులు ఎండలో పెడితే ముడుచుకుని నెర్రెలిచ్చింది. మన రేగడి చేసే పని ఇంతే. వానాకాలం ఉబ్బి ఇంటిని పైకి లేపుతుంది, ఎండాకాలం ముడుచుకుని కిందికి వదిలేస్తుంది. గోడ మధ్యలో నలిగిపోతుంది. అందుకే ఇలాంటి నేలల కోసం రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ కింద గుమ్మటంలా ఉబ్బిన స్తంభాల పునాదిని తయారుచేసింది. తేమ మారని లోతుకు దిగి, అక్కడ పాదం వెడల్పు చేసి నిలబడుతుందది. ఇదంతా ఏడేళ్ళవాడికి బొమ్మ గీసి చెప్పాను. "అంటే చెట్టులాగా" అన్నాడు. అవునన్నాను.

ఆ తర్వాత పిల్లలు సిగ్నల్ సంగతి మర్చిపోయారు. భోగిమంటకు పత్తికట్టె మోశారు. చిన్నదానికి మా వదిన భోగిపళ్ళు పోసింది. రేగిపళ్ళు, చిల్లర డబ్బులు తలమీద నుంచి జారుతుంటే, అది ఏరుకోవడానికి తనే వంగిపోయింది. అరిసెలు తిన్నారు. కొరివికారం వేలితో అద్దుకుని నాలుక బయటపెట్టి పరుగెత్తారు. సాగర్ కాలువ చూపించాను. 1967 ఆగస్టులో ఈ కాలువలకు నీళ్ళు వదిలారని, నేను ఆ మరుసటి ఏడాది పుట్టానని, నీళ్ళు రాకముందు మా తాత ఆకాశం చూసి పత్తీ జొన్నా వేసేవాడని చెప్పాను. కాలువలోకి దిగనివ్వలేదు. అక్కడ చెయ్యి వదిలిపెట్టేది లేదని ముందే ఒప్పందం.

నాలుగో రోజు చేలోకి వెళ్ళాం. పత్తి చివరి తీత నడుస్తోంది. మిరపతోట మొదటి కోతలో ఉంది. మీకు కొత్తగా చెప్పేదేముంది, జనవరిలో మన నేల ఎలా ఉంటుందో. ఒక పక్క నల్ల సాళ్ళలో ఎర్రగా పండిన కాయ, ఇంకో పక్క కల్లంలో పట్టల మీద పరిచిన ఎరుపు. పిల్లలు ఆ ఎరుపు మీదకు దూకబోతే ఒడిసి పట్టుకోవలసి వచ్చింది. వంద కిలోల పండుకాయ ఎండితే పాతిక, ముప్ఫై కిలోలు తేలుతుందని అన్నయ్య చెప్పాడు. పది రోజులకు తక్కువ కాకుండా ఎండాలి, మంచు కురిస్తే పట్ట కప్పాలి, పొద్దెక్కాక తీసి తిరగెయ్యాలి, తాలుకాయ ఏరాలి, టిక్కీలకు ఎత్తాలి, అప్పుడు గుంటూరు యార్డు. "ఫ్యాక్టరీ ఎక్కడుంది?" అని పెద్దవాడు మళ్ళీ అడిగితే అన్నయ్య ఆకాశంలో సూర్యుణ్ణి చూపించాడు.

ఇక్కడే చిన్న ప్రమాదం జరిగింది. మేం మాటల్లో ఉండగా చిన్నది పండుకాయ ఒకటి చిదిమి, ఆ చేత్తోనే కళ్ళు నులుముకుంది. దాని కేక ఊళ్ళోకి వినబడి ఉంటుంది. నేను నీళ్ళ సీసా కోసం కారు దగ్గరికి పరుగెత్తాను. బెంగళూరులో ఆయమ్మ దగ్గర పెరిగిన పిల్ల కదా, ఏడుస్తూ కన్నడంలో "కణ్ణు, కణ్ణు" అంటోంది. నేను తిరిగొచ్చేసరికి ఒక పాప, ఎనిమిదేళ్ళు ఉంటాయేమో, బిందెలోంచి గ్లాసుతో నీళ్ళు ముంచి దాని కళ్ళల్లో ధారగా పోస్తోంది, తనూ కన్నడంలోనే ఏదో సముదాయిస్తోంది. కళ్ళు కడిగాక చెంగున వెళ్ళి చిన్న కొబ్బరినూనె సీసా తెచ్చి దాని చేతులకు రాసి, తర్వాత సబ్బు పెట్టింది. నేను సబ్బు ముందు అందుకోబోతే, "ముందు నూనె సారూ, తర్వాత సబ్బు. ఒట్టి సబ్బుకు పోదు" అంది.

నిజమే. కారానికి మూలమైన క్యాప్సైసిన్ నీళ్ళలో కరగదు, నూనెలో కరుగుతుంది. నేను ఆ సంగతి పుస్తకంలో చదివాను. ఆ పాప చేతులు చదివాయి. కంట్లో మాత్రం నూనె పోయకూడదు, నీళ్ళే పోయాలి. అదీ ఆ పిల్లకు తెలుసు.

కర్నూలు జిల్లా కోసిగి వైపు నుంచి వచ్చిన ముఠా వాళ్ళది. కర్ణాటక సరిహద్దు కాబట్టి రెండు భాషలూ వచ్చు. అక్కడ వానలు తక్కువ. ఖరీఫ్ పంట ఇంటికొచ్చాక చెయ్యడానికి పనుండదు. పత్తి తీతలకు, మిరప కోతలకు మన వైపు వచ్చి, ఉగాదికో ఆ తర్వాతో తిరిగి వెళ్తారు. ఏటా చూస్తున్నదే కాబట్టి మనకు వాళ్ళు కనపడరు. తోటల పక్కన పట్టల గుడిసెలు వేసుకుంటారు. ఆ పాపకు రెండేళ్ళ తమ్ముడు. తల్లీతండ్రీ సాళ్ళలో ఉంటే వాణ్ణి ఎత్తుకుని చూసుకోవడం, వాడు పడుకుంటే తనూ బుట్ట పట్టుకోవడం ఆమె పని.

ఆ రోజు నుంచి మా పిల్లలకు వేరే ఆట అక్కర్లేకపోయింది. పొద్దున టిఫిన్ కాగానే, "కల్లానికి వెళ్దాం తాతయ్యా". చిన్నది ఆ పాప తమ్ముణ్ణి ఆడించడం నేర్చుకుంది. పెద్దవాడికి పత్తికాయ డొల్లలతో బండి చెయ్యడం నేర్పింది. కల్లం దగ్గర షెడ్డులో పాత క్యాలెండరు ఒకటి వేలాడుతోంది. ఒకరోజు ఆ పాప దాని ముందు నిలబడి చదువుతోంది. "సం..." అని ఆగింది. కింద "క్రా" దగ్గర చిక్కుపడింది. చాలాసేపు చూసి, "సంక్రాంతి" అని ఒక్కసారిగా అనేసింది. పండగ కదా, ఊహించి ఉంటుంది. మావాడు నోరు తెరిచి చూస్తున్నాడు. వాడికి ఇంగ్లీషు వచ్చు, బళ్ళో కన్నడం నేర్పుతున్నారు, హిందీ మొదలుపెట్టారు. తెలుగు అక్షరం ఒక్కటి రాదు. ఆ మధ్యాహ్నం కల్లం పక్కన దుమ్ములో పుల్లతో ఆ పాప వాడికి రాసి చూపించింది. "మి, ర, ప." నా మనవడి అక్షరాభ్యాసం, తెలుగులో, అలా జరిగింది. మూడో తరగతి సగంలో ఆపేసి వచ్చిన పిల్ల గురువు.

"మీ బడి ఎప్పుడు?" అని అడిగాను. "ఊరికి పోయినాక" అంది. ఊరికి పోయేసరికి పరీక్షలు అయిపోతాయి కదా అనబోయి ఊరుకున్నాను.

చివరి రోజు కారులో సామాను సర్దుతుంటే మావాడు అడిగాడు. "మన సెలవులు అయిపోయాయి కదా తాతయ్యా, వాళ్ళ సెలవులు ఎప్పుడు అయిపోతాయి?"

వాడు దాన్ని సెలవులనే అనుకున్నాడు. మేం వచ్చినట్టే వాళ్ళూ అమ్మానాన్నలతో ఊరు చూడ్డానికి వచ్చారని. సంక్రాంతి సెలవుల్లో కాబట్టి ఆ పొరపాటు నాకూ సుఖంగానే ఉంది. సెలవులు అయిపోయాక ఆ సుఖం ఉండదు. నేను జవాబు చెప్పలేదు. నరసరావుపేట వచ్చేదాకా అద్దంలో కొండ చూస్తూ నడిపాను.

ఎందుకు చెప్పలేకపోయానో ఇప్పుడు చెబుతాను. ఇది మా ఇంట్లో వాళ్ళకు కూడా ఈమధ్యే చెప్పాను.

1980 జనవరి. నేను ఏడో తరగతి. నా పక్కన బెంచీలో కూర్చునే స్నేహితుడు సంక్రాంతి సెలవుల తర్వాత రాలేదు. లెక్కల్లో నాకంటే చురుకు. క్లాసులో పదిమంది దాకా రాలేదు, ఏటా జరిగేదే. మిరప కోతలొస్తే మన హాజరు పట్టీ పలచబడేది, ఉగాదికి మళ్ళీ నిండేది. ఆ ఏడాది మన లెక్కల మాస్టారు ఒకరు ఊరుకోలేదు. ఆదివారాలు సైకిలేసుకుని ఊళ్ళు తిరిగి, కల్లాల దగ్గర నిలబడి, తల్లిదండ్రులతో మాట్లాడి పిల్లల్ని వెనక్కి తెచ్చారు. ఆయన ఇప్పుడు లేరు. ఆయన తెచ్చినవాళ్ళు ఈ సభలో ఉన్నారు.

నా స్నేహితుడు రాలేదు. మాస్టారు నన్ను పిలిచి, "వాడు ఎక్కడ పనిచేస్తున్నాడురా, నీకు తెలుసా?" అని అడిగారు. నాకు తెలుసు. మా పొలంలోనే. రోజూ సాయంత్రం బడి నుంచి వెళ్ళేటప్పుడు మా తోటలో వంగి కాయ కోస్తూ కనపడేవాడు. మాస్టారు మా నాన్నతో మాట్లాడతారని, నాన్నకు కోపమొస్తుందని భయపడి, "తెలీదండీ" అన్నాను. పన్నెండేళ్ళ పిల్లాడి భయం అది, తప్పని అప్పుడు అనిపించలేదు. వాడు ఉగాదికీ రాలేదు, ఆ తర్వాతా రాలేదు. నేను పది పాసై, ఇంటరు చదివి, ఇంజనీరింగు చేసి, ఇల్లు కట్టుకున్నాను. వాడు ఎక్కడున్నాడో, ఎలా ఉన్నాడో నలభై ఐదేళ్ళలో నేను వాకబు చెయ్యలేదు. మావాడు కారు దగ్గర అడిగిన ప్రశ్న, మాస్టారు అడిగిన ప్రశ్న నాకు ఒకటే అనిపించాయి. ఈసారి "తెలీదు" అనడానికి నోరు రాలేదు.

ఫిబ్రవరిలో ఒక్కణ్ణే మళ్ళీ వచ్చాను. ఆ పాప తల్లితో మాట్లాడాను. నేను ఏదో బోధ చేద్దామని వెళ్ళాను, ఆమె నాలుగు మాటల్లో నా నోరు మూయించింది. "సదివించకూడదని కాదు సారూ. ఊర్లో ఇడిసిపెట్టి వస్తే ఆడపిల్లను ఎవురు సూసుకుంటారు? ఈడ బడికి పంపిస్తే చిన్నోడి దగ్గర ఎవురుండల్ల? కూలి కిలోల లెక్క. నేను వాణ్ణి ఎత్తుకుని కూర్చుంటే బుట్ట నిండదు."

కర్నూలు జిల్లాలో వలస వెళ్ళేవాళ్ళ పిల్లల కోసం సీజనల్ హాస్టళ్ళు ఉన్నాయి. పెద్ద పిల్లల్ని అక్కడ ఉంచి వచ్చే తల్లిదండ్రులూ ఉన్నారు. చంటిబిడ్డ ఉన్న ఇంట్లో మాత్రం ఎనిమిదేళ్ళ అక్క చదువు ఆ చంటిబిడ్డ ఉయ్యాలకు కట్టేసి ఉంటుంది. పైగా కూలి తూకం మీద ఉన్నప్పుడు పసి చెయ్యి కూడా తూకంలోకి వస్తుంది. బిడ్డ మీద ప్రేమ లేక కాదు.

అన్నయ్యతో మాట్లాడాను. ఆయనదీ న్యాయమే. "నీకేంరా, చెప్పి కారెక్కుతావు. 2021లో నల్ల తామర పురుగొచ్చి పూతలోనే తోట ఊడ్చేసింది. ఇప్పుడు కాయుంది, రేటు లేదు. కోతకూలే పెద్ద వాటా అయి కూర్చుంది. నేను మేస్త్రితో పేచీ పెట్టుకుని ముఠా లేచిపోతే, కాయ చెట్టుమీదే తాలవుతుంది." ఆ ఫిబ్రవరిలో రేటు ఎంతగా పడిందో మీకు తెలుసు. కేంద్రం మార్కెట్ జోక్యం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు ప్రకటించాల్సి వచ్చింది. మునిగిపోతున్న రైతును పట్టుకుని నువ్వు దుర్మార్గుడివి అనడానికి నేను రాలేదు. ఆ మాట ఈ వేదిక మీద నుంచి కూడా అనను.

అయినా రెండు రోజులు తిరిగితే కొంత దారి దొరికింది. మా ఊరి ప్రాథమిక పాఠశాల ప్రధానోపాధ్యాయురాలిని కలిశాను. బదిలీ పత్రం లేదు కదా అని నసిగితే ఆమె నవ్వారు. విద్యా హక్కు చట్టం 2010 ఏప్రిల్ ఒకటి నుంచి అమల్లో ఉంది, బదిలీ పత్రం లేదన్న కారణంతో పిల్లను చేర్చుకోవడం ఆపకూడదు, వయసుకు తగ్గ తరగతిలో కూర్చోబెట్టాలి, మధ్యాహ్నం భోజనం కూడా పెడతాం, రమ్మనండి అన్నారు. బడి తలుపు తెరిచే ఉంది. తోట నుంచి బడి గుమ్మం దాకా ఉన్న కిలోమీటరున్నరే సమస్య. తర్వాత చంటివాడు. వదిన ముందుకొచ్చింది. "కల్లం దగ్గర ఎటూ నేను కూర్చుంటాను కదా, పిల్లాణ్ణి నా దగ్గర పడేసి వెళ్ళమను" అంది. తల్లి రెండు రోజులు ఆలోచించి ఒప్పుకుంది.

ఆ పాప తొమ్మిది రోజులు బడికి వెళ్ళింది. పదో రోజు మా తోటలో ఆ కోత అయిపోయింది, ముఠా ఇంకో ఊరికి కదిలింది. ప్రధానోపాధ్యాయురాలు పిల్ల ఎన్ని రోజులు హాజరయిందో, ఏ పాఠం దాకా చదివిందో ఒక కాగితం మీద రాసి, సొంత ఊరి బడిలో చూపించమని తల్లి చేతికిచ్చారు. ఇంతే జరిగింది. విజయగాథ అని ఎవరూ అనుకోవద్దు. తొమ్మిది రోజుల చదువు.

కానీ ఆ తొమ్మిది రోజులు నాకు ఒక లెక్క నేర్పాయి. పక్క ఊళ్ళో కూడా ఒక వదిన, ఒక ప్రధానోపాధ్యాయురాలు, ఒక రైతు ముందే మాట్లాడుకుని ఉంటే, పదో రోజు కూడా ఆ పిల్ల బడికి వెళ్ళేది. ఒక్కడు కారేసుకొచ్చి చేస్తే తొమ్మిది రోజులు. చుట్టుపక్కల ఊళ్ళన్నీ కలిస్తే జనవరి నుంచి ఏప్రిల్ దాకా. ఆ ఊళ్ళన్నిట్లో మనుషులున్న సంస్థ ఒకటే నాకు తెలుసు. అది ఈ పందిట్లో కూర్చుని ఉంది.

అందుకని సంఘాన్ని అడుగుతున్నాను. భవనం అక్కర్లేదు, పెద్ద నిధీ అక్కర్లేదు.

మొదటిది, ఊరికి ఇద్దరు పూర్వ విద్యార్థులు పేర్లు ఇవ్వండి. ముఠాలు దిగిన వారంలో గుడిసెల దగ్గరికి వెళ్ళి, బడి ఈడు పిల్లలు ఎంతమందో రాసుకుని, ఆ ఊరి ప్రధానోపాధ్యాయులకు చెప్పాలి. ముఠా కదిలితే తర్వాతి ఊరివాళ్ళకు ఫోన్ చెయ్యాలి. ఇదీ అసలు పని. ఒక ఫోన్.

రెండోది, తోటలు ఉన్న చోట నీడలో పసిపిల్లల్ని చూసుకోవడానికి ఒక మనిషి. ఊరికి ఒకరికి మూడు, నాలుగు నెలలు జీతం ఇవ్వాలి. మొదటి ఏడాది మా ఊరి ఖర్చు నేను పెట్టుకుంటాను. చంటిబిడ్డకు చోటు దొరికితే అక్క చేతులు ఖాళీ అవుతాయి. బడికి దారి అక్కడ మొదలవుతుంది.

మూడోది రైతులైన మన సోదరులకు. కోతకు ముందు మేస్త్రితో బేరం మాట్లాడేటప్పుడే, పిల్లల బుట్ట తూకానికి రాకూడదని ఒక మాట చెప్పండి. ముఠా దిగాక చెబితే పేచీ. ముందే చెబితే షరతు. మా అన్నయ్య వచ్చే సీజనుకు చెప్పి చూస్తానన్నాడు. ఆయన అంత మాట అనడం చిన్న విషయం కాదు.

ఇక సెలవులకు పిల్లల్ని ఊరు తెద్దామనుకునేవాళ్ళకు ఒక మాట. తప్పకుండా తీసుకురండి. మందు కొట్టిన చేలోకి డబ్బా మీద రాసిన గడువు తీరేదాకా వెళ్ళనివ్వకండి. ఖాళీ మందు డబ్బాలతో ఆడనివ్వకండి. మోటారు షెడ్డుకు, కాలువకు పెద్దవాళ్ళు లేకుండా పంపకండి. మిరపతోటలోకి వెళ్ళేటప్పుడు కొబ్బరినూనె, సబ్బు, తాగే నీళ్ళు దగ్గర పెట్టుకోండి. అన్నిటికంటే ముఖ్యం, పండగ ఒక్కటే చూపించి తీసుకెళ్ళిపోకండి. ఆ కాయ ఎవరు కోశారో కూడా చూపించండి. మిగతా ప్రశ్నలు పిల్లలే అడుగుతారు.

మా మనవడు బెంగళూరులో ఇప్పుడు ఒక నోటుబుక్కు పెట్టాడు. వాళ్ళమ్మ దగ్గర తెలుగు రాస్తున్నాడు. మొన్న ఫోనులో, "సంక్రాంతి రాశాను తాతయ్యా, క్రా కూడా వచ్చింది. వచ్చే పండక్కి ఆ అక్కకు చూపిస్తాను" అన్నాడు. ఆ పాప వచ్చే జనవరికి మా ఊరే వస్తుందో, ఇంకో ఊరు వెళ్తుందో నాకు తెలీదు. ఏ ఊరు వచ్చినా మనవాళ్ళు ఇద్దరు అక్కడ ఉండాలి. ఈ సభ ముగిశాక, భోజనాలకు వెళ్ళే ముందు, గుమ్మం దగ్గర బల్ల మీద ఒక పుస్తకం పెట్టాను. ఊళ్ళ పేర్లు రాసి ఉంచాను. ఎదురుగా రెండేసి ఖాళీలు ఉన్నాయి. మా ఊరికి ఎదురుగా మా వదిన పేరు, నా పేరు రాశాను.

నలభై ఐదేళ్ళ కిందట మాస్టారు అడిగినప్పుడు నేను చెప్పాల్సిన జవాబు అది. ఆలస్యమైంది. గురువులు మన్నించాలి.